గేటు దగ్గరి ఏడుపు

రోజారాణికి ఎవరి గొంతైనా వస్తుంది. నేర్చుకోవాలని ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఒకసారి చెవిన పడితే చాలు, అది లోపల ఎక్కడో ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడో, అన్నం తింటున్నప్పుడో బట్టలు ఆరేస్తున్నప్పుడో, బయటికి వస్తుంది.

ఇల్లందులో వాళ్లు ఉండేది కార్మికుల క్వార్టర్లలో. నాన్న కాశయ్య బాయిలో పని చేస్తాడు. బొగ్గు గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. ఏళ్ల తరబడి డ్రిల్లు మోత వినీ వినీ ఆయన చెవులు మందగించాయి. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినబడదేమో అన్నట్టు అరిచి మాట్లాడతాడు. ఆయన ఫోన్ ఎత్తితే ఆ వరుసలో ఇళ్లన్నీ వింటాయి. రోజారాణి మొదట పట్టుకున్నది ఆ గొంతునే. తండ్రి స్నానం చేస్తుంటే బయట నిలబడి ఆయన గొంతుతోనే "సారక్కా, సబ్బేదే!" అని అరిచేది. తల్లి సబ్బు పట్టుకుని పరుగెత్తేది. "నేనెప్పుడు పిలిచిన్నే?" అని కాశయ్య లోపలినుంచి ఆశ్చర్యపోయేవాడు. ముగ్గురూ నవ్వుకునేవారు.

ఆ క్వార్టర్లలో ఒకరినొకరు వెక్కిరించుకోవడం ప్రేమలాంటిదే. కుంటేవాడి ముందే కుంటి నడక నడిచి చూపిస్తారు. నత్తి ఉన్నవాడితో నత్తిగా మాట్లాడతారు. అతను తిట్టి, నవ్వి, టీ తాగిస్తాడు. వెక్కిరించకపోతే మనిషిని పట్టించుకోనట్టు. రోజారాణి పెరిగింది ఆ గాలిలో. మనిషి గొంతును తీసుకుంటే మనిషికి సంతోషమే అనుకుంటూ పెరిగింది.

డిగ్రీలో చేరినప్పుడు కొత్తగూడెం దారిలో ఉన్న ఆడపిల్లల కాలేజీలో సీటు వచ్చింది. చదువూ హాస్టలూ ఒకే ప్రహరీ లోపల. గదిలో ముగ్గురు. ఒకరు తిరుమల, మణుగూరు అమ్మాయి, నోరు ఊరుకోదు. ఇంకొకరు సోని. జూలూరుపాడు దగ్గర ఒక తండా నుంచి వచ్చింది. సోనిని చేర్పించడానికి ఆమె మేనమామ దేవ్లా బండి మీద తీసుకొచ్చాడు. రేకు పెట్టెను వెనక తాడుతో కట్టి, మధ్యలో మేనకోడల్ని కూర్చోబెట్టుకుని వచ్చాడు. దిగాక పెట్టెను తలమీద పెట్టుకుని మెట్లెక్కుతుంటే వార్డెన్ మేడం ఆపింది.

"మగవాళ్లు పైకి రావద్దు."

"నేను మగోన్ని గాదు మేడం, మామను," అన్నాడు దేవ్లా.

మేడంకు కూడా నవ్వు వచ్చింది. పెట్టె పైకి వెళ్లింది. ఆ మాటను, ఆ గొంతుతో, రోజారాణి ఆ వారమంతా అంటూ తిరిగింది. సోని కడుపు పట్టుకుని నవ్వేది. "ఫోన్‌ల మా మామకు వినిపియ్యే," అని బతిమాలేది. వినిపిస్తే దేవ్లా అవతలినుంచి "ఎవర్రా నువ్వు, నా లెక్కనే ఉన్నవ్," అన్నాడు. అలా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నెలలో ఒక ఆదివారం ఇంటివాళ్లు వచ్చి చూడవచ్చు. గేటు లోపల వాచ్‌మన్ గది పక్కన సిమెంటు బెంచీలు ఉంటాయి. తల్లిదండ్రులు అక్కడే కూర్చుని డబ్బాలు విప్పుతారు. మొదటి ఆదివారం సోని తల్లి రూప్లి వచ్చింది.

రోజారాణి అప్పుడు బెంచీ దగ్గరే ఉంది. రూప్లి గేటు దాటింది. చేతి సంచిని కింద పెట్టింది. రెండు చేతులూ కూతురి మెడ చుట్టూ వేసింది. నుదురు కూతురి భుజానికి ఆనించింది. ఏడుపు మొదలైంది.

అలాంటి ఏడుపు రోజారాణి అంతకు ముందు వినలేదు. మొదట సన్నని స్వరం ఒకటి పైకి పోయింది. అక్కడ కాసేపు నిలిచింది. తర్వాత మెల్లగా దిగుతూ వచ్చింది. దిగిన చోట ఊపిరి తెగింది. మళ్లీ పైకి పోయింది. మధ్యలో మాటలున్నాయి, లంబాడీ మాటలు. కాసేపటికి సోని గొంతు కిందినుంచి వచ్చి కలిసింది. ఇద్దరి గొంతులూ కలిసి కొంత దూరం నడిచాయి. ఆగాయి. రూప్లి కొంగుతో ముందు కూతురి ముఖం తుడిచింది, తర్వాత తన ముఖం తుడుచుకుంది. ఇద్దరూ నవ్వారు. జొన్నరొట్టెలు విప్పారు.

వాచ్‌మన్ బీడీ ఆర్పి తల తిప్పుకున్నాడు. రోజారాణి తిప్పుకోలేదు. విన్నది.

సాయంత్రం బట్టలు ఉతుకుతూ అడిగింది.

"మీ అమ్మకు ఏమైందే?"

"ఏం గాలే."

"మరి గంతగనం ఏడ్సింది?"

"చానా దినాలకు గలిసినం గదా. మాకాడ గట్లనే. మీరు మంచిగున్నవా అని అడుగుతరు చూడు, మేం గిట్ల అడుగుతం."

"ఏడ్సుకుంట ఏం జెప్తది?"

"అన్ని ముచ్చట్లు. ఎవరు సచ్చిపోయిండ్రు, ఎవరు పెండ్లి జేసుకొని పోయిండ్రు, బర్రె ఈనింది. పేర్లు వెట్టి చెప్తది. మా తాత పేరు, అమ్మమ్మ పేరు. పోయినోళ్లందర్ని యాది జేసి ఆకర్కు నా పేరు తీస్తది."

"ఏడ్వకుంటే ఏమైతది?"

సోని చొక్కా పిండుతూ ఆగింది. "ఏడ్వకుంటే మనసుల ఏందో వెట్టుకున్నరనుకుంటరు. మా మేనత్త జంపక్క ఒకపారి వచ్చి ఏడ్వలే. గడపల కూసోని మంచినీళ్లు దాగి పోయింది. ఇగ అప్పట్నుంచి రాకడ లేదు, పోకడ లేదు."

రోజారాణి విన్నది. ఆ మాటలు కూడా లోపల ఉండిపోయాయి. కాని స్వరం ఉన్నంత గట్టిగా ఉండలేదు.

ఫ్రెషర్స్ డే నాడు భోజనాల హాలులో బల్లలన్నీ గోడకు జరిపారు. రంగు కాగితాలు కట్టారు. సీనియర్లు డాన్సులు చేశారు. కొత్తగా వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే లేపి పేరు చెప్పమన్నారు, పాట పాడమన్నారు. రోజారాణి వంతు రాకముందే తిరుమల లేచి అరిచింది.

"అక్కా, మా రూమ్‌ల మిమిక్రీ ఉన్నది! దాన్ని పిలువుండ్రి!"

రోజారాణి వేదిక ఎక్కింది. చేతిలోకి మైకు వచ్చింది. ఇంతమంది ఒకేసారి తన వైపు చూడటం ఆమెకు అదే మొదటిసారి. "గేటు కాడ ఆదివారం," అని పేరు చెప్పింది. వార్డెన్ మేడంను చేసింది. హాలు నవ్వింది. వాచ్‌మన్‌ను చేసింది. సత్తుపల్లి వైపు నుంచి వచ్చే ఒక తల్లిని చేసింది. "ఏమ్మా, ఇలా చిక్కిపోయావేంటి, సరిగ్గా తినట్లేదా?" ఆ తల్లి కూతురు ముందు వరుసలో చప్పట్లు కొట్టింది. తర్వాత తన తండ్రిని చేసింది. "బిడ్డా! అన్నం దింటున్నవా! ఆఁ? వినబడ్తలేదు! గట్టిగ చెప్పు!" హాలు ఊగిపోయింది.

అక్కడితో దిగిపోవలసింది. ఆమె అనుకున్నది కూడా అంతే.

"ఇంకోటి! ఇంకోటి!"

ఆ కేకలు తగ్గిపోతున్నాయని తెలిసింది. తగ్గిపోకముందే ఏదో ఇవ్వాలనిపించింది. చున్నీ తలమీదికి లాక్కుంది. మైకును స్టాండుకు పెట్టి, దాన్ని మెడ పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. నుదురు దానికి ఆనించింది. స్వరం పైకి పోయింది. మైకులో అది గోడలకు తగిలి తిరిగి వచ్చింది. మాటలు ఆమెకు తెలియవు. మాటలున్న చోట ఏవో శబ్దాలు వేసింది. ఊపిరి తెగే చోట తెంచింది. చివర చున్నీ కొంగుతో ముక్కు తుడుచుకుని, "రొట్టె దింటవా?" అన్నది.

ఆ రోజు అంత నవ్వు మరి దేనికీ రాలేదు. కుర్చీలు కదిలాయి. ఎవరో కింద కూర్చుండిపోయారు. నవ్వులో మూడో వరుస కనబడింది. తిరుమల సోని వీపు మీద కొడుతోంది, "మీ మమ్మీ! అచ్చం మీ మమ్మీ!" అంటోంది. సోని నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుతోంది.

సోని నవ్వింది కదా అనుకుంది రోజారాణి. వేదిక దిగేటప్పుడు అదే అనుకుంది. ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఎవరో వీడియో తీశారు. పొద్దున్నకు అది అందరి స్టేటస్‌లలో ఉంది. కాశయ్య ఫోన్ చేశాడు. "నా లెక్కనే ఒర్రినవట గదే! షిఫ్టుల అందరికి చూపిచ్చిన! మా ఓవర్‌మన్ సారు గూడ నవ్విండు!" ఆయన సంతోషం ఫోన్ దాటి గదంతా వినబడింది. సోని కూడా విని నవ్వింది.

తర్వాత ఆ ఏడుపు హాస్టల్‌ది అయిపోయింది. సెలవుకు ఇంటికి పోయి వచ్చిన అమ్మాయిలు వరండాలో ఎదురుపడితే మెడలు పట్టుకుని ఆ స్వరం తీసేవారు. టిఫిన్‌లో ఉప్మా వస్తే ఒకరి భుజం మీద ఒకరు పడి తీసేవారు. ఇంటర్నల్ పరీక్షలో మార్కులు తక్కువ వస్తే తీసేవారు. రోజారాణి కనబడితే సీనియర్లు పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. క్యాంటీన్‌లో ఆమెకు చోటు ఎప్పుడూ ఉండేది. సోనిని కూడా అందరూ ఆ స్వరంతోనే పలకరించేవారు. సోని వాళ్ల మెడలు పట్టుకుని తనూ ఆ స్వరం తీసేది. ఆమె తీస్తే మాటలు కూడా ఉండేవి కావు. రోజారాణి వేసిన శబ్దాలే వేసేది.

తర్వాతి నెల ఆదివారం రూప్లి వచ్చింది.

పై అంతస్తు కిటికీల దగ్గర అమ్మాయిలు నిలబడి ఉన్నారు. వాళ్లకు ఆమె వస్తుందని తెలుసు. కొందరి చేతుల్లో ఫోన్లున్నాయి. రోజారాణి మెట్ల మలుపు దగ్గర ఉంది. అక్కడినుంచి గేటూ కనిపిస్తుంది, కిటికీలూ కనిపిస్తాయి.

సోని పరుగెత్తుకుంటూ గేటు దాకా వెళ్లింది. రూప్లి సంచి కింద పెట్టింది. చేతులు లేచాయి. సోని ఆ చేతులను మధ్యలోనే పట్టుకుంది.

"వద్దు యాడీ."

తల్లిని లంబాడీలో యాడీ అంటారు. రూప్లి కూతురి ముఖం చూసింది. తర్వాత తలెత్తి కిటికీలు చూసింది. ఆమెకు ఏం అర్థమైందో చెప్పడం కష్టం. లేచిన చేతులు వట్టిగా దిగలేదు. కూతురి చున్నీ సర్ది, జుట్టు వెనక్కి తోసి, అప్పుడు దిగాయి.

కిటికీల్లోంచి ఎవరో "ఛ" అన్నారు. అమ్మాయిలు వెళ్లిపోయారు.

తల్లీకూతుళ్లు బెంచీ మీద కూర్చున్నారు. రూప్లి మంచినీళ్లు తాగింది. సోని మేనత్త గురించి చెప్పిన మాట రోజారాణికి అప్పుడు పూర్తిగా వినబడింది.

వెనక్కి తిరిగి గదికి పోబోతుంటే రూప్లి పిలిచింది. "ఓ బిడ్డా, ఇటురా. నీకు గూడ తెచ్చిన." రొట్టెల మధ్య కోడిగుడ్డు కూర పెట్టి కాగితంలో చుట్టి ఉంది. "తిను. మా సోని నీ ముచ్చట్లే చెప్తది. మా తమ్మునికి గూడ నువ్వంటే మస్తు ఇష్టం. ఆ పిల్లను తండాకు తీస్కరమ్మంటడు."

రోజారాణి ఆమె ఎదురుగానే కూర్చుని తిన్నది. తినకపోతే అడుగుతుంది. ముద్ద దిగడానికి నీళ్లు తాగుతూ తిన్నది. సోని నేలను చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం గదిలో తిరుమల లేనప్పుడు అన్నది.

"సోనీ, తప్పయిందే."

"ఏం తప్పు?"

"మీ అమ్మను జెయ్యొద్దుండె."

సోని మంచం మీద దుప్పటి దులిపింది. "అందరు నవ్విండ్రు గదా. నేను గూడ నవ్విన."

"నువ్వు నవ్వితే తప్పు గాకుండ పోతదా?"

"ఊకో రోజా. జోక్ అది. జోక్‌ను గిట్ల లాగుతరా?"

దుప్పటిలో దుమ్మేమీ లేదు. సోని ఇంకా దులుపుతూనే ఉంది. క్షమించమని అడగడానికి కూడా రోజారాణికి చోటు లేకుండా పోయింది. తప్పు లేదంటున్న మనిషిని ఏమని అడగాలి? తన తప్పులో సోని నవ్వు కూడా కలిసి ఉంది. దాన్ని విడదీసి తన వాటా తాను తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

మర్నాటినుంచి మిమిక్రీ మానేసింది. ఎవరైనా అడిగితే గొంతు నొప్పి అన్నది. కాని వరండాలో ఆ స్వరం ఆగలేదు. ఒక రోజు నల్లాల దగ్గర ఇద్దరమ్మాయిలు తీస్తుంటే దగ్గరికి వెళ్లింది.

"గట్ల జెయ్యకుండ్రి."

"ఏందే, నువ్వే గదా నేర్పింది?" అన్నది ఒకమ్మాయి. "నీదేనా ఇప్పుడది? పేటెంట్ గిట్ల ఉన్నదా?"

"నాది గాదు. అందుకే జెయ్యకుండ్రి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె నాలుగడుగులు వెయ్యగానే వెనక ఆ స్వరం మళ్లీ లేచింది. ఇంకొంచెం పొడుగ్గా, ఆమె కోసమే.

జిల్లా యువజనోత్సవాలకు పిల్లలను పంపాలని కల్చరల్ చూసే మేడం పిలిచింది.

"ఆ గేటు ఐటమ్ చెయ్యి రోజారాణీ. చివర్లో ఏడుపు ఉంటది చూడు, దాన్ని కొంచెం పెంచు. మన ఏరియా కల్చర్ కూడా వచ్చినట్టుంటది."

"అది నాకు రాదు మేడం."

"రాకపోవడమేంటి? వీడియో నేనే చూసిన కదా!"

"మరిచిపోయిన మేడం."

మేడం కళ్లద్దాలు తీసి చూసింది. "సరే. నీ ఇష్టం." వేరే అమ్మాయిని పంపారు. ఆమె సినిమా పాటకు డాన్సు చేసి వచ్చింది. తిరుమలకు కోపం వచ్చింది. "పెద్ద ఫీలవుతున్నవ్. దాని తల్లికి లేని బాధ నీకేంది?" అన్నది. క్యాంటీన్‌లో ఇప్పుడు చోటు వెతుక్కోవలసి వచ్చేది. అది రోజారాణికి కొంచెం హాయిగా ఉండేది. ఏదో తగ్గుతున్నట్టు ఉండేది. కాని గేటు దగ్గర ఏదీ మారలేదు. దీపావళి సెలవుల తర్వాత రూప్లి మళ్లీ వచ్చింది. ఈసారి చేతులు లేవను కూడా లేవలేదు. సంచి సోని చేతికిచ్చి బెంచీ మీద కూర్చుంది. రోజారాణికి తెచ్చిన పొట్లం ఈసారి కూడా ఉంది. సోనితోనే పంపింది. పిలవలేదు.

పత్తి ఏరే రోజుల్లో దేవ్లా చనిపోయాడు. చేనులో మందు కొడుతూ పడిపోయాడట. దవాఖానాకు తెచ్చేలోపే ప్రాణం పోయింది. క్లాసులో ఉండగా సోనికి ఫోన్ వచ్చింది. మాట్లాడింది. పుస్తకాలు బెంచీ మీదే వదిలేసి బయటికి నడిచింది. రోజారాణి వెంట వెళ్లి బస్సు ఎక్కించింది. బస్సులోనూ సోని ఏడవలేదు. కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది.

పోవాలా వద్దా అని రోజారాణి ఆ వారమంతా అనుకుంది. చివరికి తల్లికి ఫోన్ చేసింది. సారక్కకు ఫ్రెషర్స్ డే సంగతి అంతా తెలియదు. తెలిసినంతలో చెప్పింది.

"పో బిడ్డా. సావు కాడికి పోవుడు మంచిదే. పోయి కూసో. ఆ తల్లి చెయ్యి పట్టుకో. ఏం మాట్లాడకు. నీ నోరసలే మంచిది గాదు."

ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. జూలూరుపాడులో బస్సు దిగింది. అక్కడినుంచి ఆటో. తండా రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. రెండు వైపులా పత్తి చేలు. తెల్లగా విచ్చుకుని, ఏరేవాళ్లు లేక అలాగే ఉన్నాయి. చావింట్లో ఉన్నారు అందరూ.

దూరంనుంచే వినబడింది. ఆ స్వరం. ఒకటి కాదు, చాలా. ఒకటి దిగుతుంటే ఇంకొకటి లేస్తోంది. ఏ గొంతు ఎవరిదో ఆమె చెవి దానంతట అదే విడదీసుకుంటోంది. వద్దనుకున్నా విడదీసుకుంటోంది. అన్నిటి కింద రూప్లి గొంతు ఉంది. అది తెలియగానే రోజారాణి కాళ్లు ఆగాయి. మళ్లీ నడిచింది.

ఇంటిముందు పందిరి వేశారు. కింద ఆడవాళ్లు కూర్చున్నారు. ఊరినుంచి ఒకామె వస్తోంది. వచ్చిన ఆమెను ఇంకొకామె మెడ పట్టుకుంటోంది. ఇద్దరూ కలిసి చనిపోయినవాడి పేరు తీసి ఏడుస్తున్నారు. తర్వాత ఆమె పక్కనున్న ఆమె దగ్గరికి వెళుతోంది. మధ్యలో రూప్లి, దేవ్లా భార్య చాంది మెడ పట్టుకుని ఉంది. ఆమె ముఖం కనబడటం లేదు. వీపు కదులుతోంది. స్వరం పైకి పోయి నిలిచింది. దేవ్లా పేరు రోజారాణికి వినబడింది.

పందిరి చివర కూర్చున్న ఆడపిల్లలు ముందు చూశారు. ఒకమ్మాయి పక్కమ్మాయి మోచేయి పొడిచింది.

"గీమెనే."

"ఎవలు?"

"వీడియోల ఉన్నామె. మన రూప్లి అత్తను జేసింది చూడు."

గుసగుస వరసగా లోపలికి పోయింది. దారిలో ఒక్కొక్క గొంతే ఆగుతూ వచ్చింది. చాంది తలెత్తింది. రూప్లి భుజం మీద తట్టి ఏదో అన్నది. రూప్లి తిరిగి చూసింది.

స్వరం సగంలో ఉంది. పైనుంచి దిగవలసి ఉంది. రూప్లి దాన్ని అక్కడే మింగేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మామూలు గొంతుతో అన్నది.

"వచ్చినవా బిడ్డా? అన్నం దిన్నవా?"

రోజారాణి ఒక అడుగు ముందుకు వేసింది. చెయ్యి పట్టుకోవాలనుకుంది. మెడ పట్టుకోవాలనుకుంది. లోపలినుంచి ఏడుపు నిజంగానే వస్తోంది. గొంతు దాకా వచ్చింది. అక్కడికి రాగానే అది పైకి పోయే దారి, నిలిచే చోటు, ఊపిరి తెగే చోటు అన్నీ తయారుగా ఉన్నాయి. ఇప్పుడు నోరు తెరిస్తే వచ్చేది అదే. మైకులో వచ్చినదే వస్తుంది. పళ్లు బిగించి నిలబడింది.

"ఇప్పుడు గూడ ఫోన్‌ల తీస్తదా?" అన్నది చాంది, తెలుగులో, వినాలనే.

"ఊకో చాందీ. ఇంటికొచ్చిన పిల్ల," అన్నది రూప్లి. "కూసో బిడ్డా. సోనీ, పానీ లా."

సోని నీళ్లు తెచ్చింది. రోజారాణి నిలబడే తాగింది. సోని ఆమె చెయ్యి పట్టుకుని పందిరి దాటించి, బర్రెల కొట్టం పక్కకు తీసుకెళ్లింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది. ఆమె కూడా ఏడ్చిందన్న మాట, మాటలతో, అసలైన ఏడుపు.

"మీ అమ్మకు ఎప్పుడు తెలిసిందే?"

"దీపావళికి. తండా పిల్లలు చూపిచ్చిండ్రు."

"ఏమన్నది?"

"ఏమనలే. ఇంకోపారి పెట్టుమన్నది. చూసింది. నేను నవ్వింది గూడ కనబడ్తది అండ్ల." సోని కొట్టం గుంజకు ఆనుకుంది. "అప్పట్నుంచి ఎవలొచ్చినా ఏడుస్తలేదు. మా మామ సచ్చిన దినం గూడ ఏడ్వలే. గట్లనే కూసున్నది. అందరు భయపడ్డరు. ఇయ్యాల పొద్దుగాల మా అత్త మీదవడి మొదలువెట్టింది."

రోజారాణి పందిరి వైపు చూసింది. అక్కడ ఎవరో ఎవరికో టీ గ్లాసులు అందిస్తున్నారు. రూప్లి చాపమీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరి మెడా పట్టుకోలేదు. వచ్చినవాళ్లు ఆమె ఎదుట కూర్చుని నేలను చూస్తున్నారు.

"నేను ఆమె కాళ్లు మొక్కుత."

"మొక్కితే ఏమంటది? ఏం గాలే బిడ్డా అంటది. అంతే గదా. ఇగ అందరు నిన్నే చూసుకుంట కూసుంటరు. మా మామను ఇడ్సిపెట్టి."

"మరి ఏం జెయ్యాలె?"

సోని గుంజ వదిలి నిలబడింది. కోపం లేదు ఆమె ముఖంలో. అలసట ఉంది.

"పో రోజా. నువ్వున్నంత సేపు ఏడ్వదు."

రోజారాణి తల ఊపింది. చెప్పులు పందిరి దగ్గర ఉన్నాయి. తెచ్చుకోవడానికి వెళితే మళ్లీ అందరూ చూస్తారు. సోనియే పోయి తెచ్చింది. కింద పెట్టింది. కాలేజీకి ఎప్పుడొస్తావని అడగాలనుకుని రోజారాణి అడగలేదు.

చేల మధ్య దారిలో నడిచింది. మొదట మెల్లగా నడిచింది. తెలియకుండానే చెవి వెనక్కి పెట్టింది. మొదలవుతుందేమో అని. ఆ గొంతు లేస్తే, సగంలో ఆగినది పూర్తిగా దిగితే, తన ఛాతీ మీది బరువు కొంచెం దిగుతుందేమో అని. అలా విందామనుకుంటున్నానని తెలిసి నిలబడిపోయింది. ఇంతవరకూ ఆమె తీసుకున్నదంతా అలా విని తీసుకున్నదే. ఇదీ వింటే ఇదీ లోపల ఉండిపోతుంది. చనిపోయిన దేవ్లా పేరుతో సహా ఉండిపోతుంది. ఇంకెప్పుడో, అన్నం తింటున్నప్పుడో, బయటికి వస్తుంది.

పరుగులాంటి నడక నడిచింది. పత్తి కాయల ముళ్లు చున్నీకి తగిలి లాగాయి. లాక్కుంటూ నడిచింది. రోడ్డు ఎక్కేసరికి జూలూరుపాడు వైపు పోయే ఆటో ఒకటి వస్తోంది. లోపల పాటలు మోగిపోతున్నాయి. వెనక రెండు పత్తి బస్తాలు ఉన్నాయి. చెయ్యి ఎత్తింది.

డ్రైవర్ ఆపి ఆమె ముఖం చూశాడు. తర్వాత తండా వైపు చూశాడు. చావు సంగతి అతనికి తెలిసినట్టుంది. చెయ్యి సౌండు బటన్ మీదికి పోయింది.

"తగ్గియ్యాల్నా చెల్లే?"

"వద్దన్నా. ఇంక పెంచు."

అతను అర్థం కాక ఒక క్షణం ఆగాడు. తర్వాత పెంచాడు. రోజారాణి బస్తాల పక్కన ఒదిగి కూర్చుంది. ఆటో కదిలింది.